పికప్ బండి ఓనర్లు: మీ బండిలో మిమ్మల్ని ఎక్కువగా సతాయిస్తున్నది ఏమిటి?

మదనపల్లె టమాటా బండి

అందరికీ నమస్కారం. నాది బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ పికప్. తీసుకుని 14 నెలలైంది, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మార్కెట్ యార్డుకు టమాటా బాక్సులు తోలుతాను. కంపెనీ పేరు రాయడం లేదు. మా వీధిలో వేరే కంపెనీ బండి ఉన్న అన్నకు కూడా దాదాపు ఇవే బాధలు, కాబట్టి పేరుతో పనిలేదు.

డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే జల్లెడ) లైటు వెలగడం ఇది నాలుగోసారి. వెలిగిన రోజు బండి లాగుడు చచ్చిపోతుంది, 40 దాటదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే లాప్‌టాప్ పెట్టి ఇంజన్ రేజ్ చేసి, బిల్లు చేతికిచ్చి పంపిస్తారు. ఎందుకొస్తోందన్నా అని అడిగితే 'బీఎస్ 6 బండి అంటే ఇంతే' అంటారు. అది నాకు జవాబులా అనిపించలేదు.

రెండోది, ఖాళీగా వచ్చేటప్పుడు వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. చిన్న గుంత తగిలినా నడుము విరిగినట్టుంటుంది. లోడు ఉన్నప్పుడేమో బ్రేకు సరిగ్గా పడదు. ముందు ముక్కు కిందికి దిగుతుంది, బండి మాత్రం అనుకున్న చోట ఆగదు. ముందు ప్యాడ్లు 9 వేల కిలోమీటర్లకే అయిపోయాయి. క్లచ్ ప్లేటు 26 వేలకు పోయింది. నెలకు కిస్తీ కట్టాలి, ఇంట్లో ఇద్దరు పిల్లలు. రోజూ బండి తీసేటప్పుడు ఈ రోజు ఏ లైటు వెలుగుతుందోనని టెన్షన్.

మీ బండ్లకూ ఇలాగే ఉందా? ఏం చేశారో చెప్పండి.

బోయిన్‌పల్లి కూరగాయలు

అన్నా, నాది కూడా అదే కథ. డీపీఎఫ్‌కు లైటు రావడం, సర్వీసుకు పోవడం. మా దగ్గర ఒకాయన సైలెన్సర్ విప్పి లోపలిదంతా ఖాళీ చేసి, సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తానన్నాడు. మా దోస్తు చేయించుకున్నాడు, ఇప్పటిదాకా లైటు రాలేదంట. నువ్వూ అడిగి చూడు.

ఆటోనగర్ మెకానిక్

బోయిన్‌పల్లి తమ్ముడూ, ఆ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకు. కంపెనీ ఇచ్చిన బండిని అలా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. వారంటీ అక్కడితో పోతుంది. ఆ తర్వాత బండి వెనక నడిచే పిల్లలు పీల్చేది ఆ మసే. నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా పని చేస్తున్నాను. నా షెడ్డులో ఆ పని చేయను.

మదనపల్లె తమ్ముడూ, నీ జబ్బు ఏమిటో చెప్పే ముందు మూడు విషయాలు కావాలి. ఒక ట్రిప్పు ఎంత దూరం? యార్డు దగ్గర క్యూలో ఉన్నప్పుడు ఇంజన్ ఆపుతావా? వెనక కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఎక్స్‌ట్రా వేయించావా?

మదనపల్లె టమాటా బండి

ట్రిప్పు 12 కిలోమీటర్లు, ఒక్కోసారి 15. సీజన్లో రాత్రిపూట క్యూ గంట, గంటన్నర ఉంటుంది. ముందు బండి కదిలితే కదలాలి కాబట్టి ఇంజన్ ఆపను. కమాన్లు రెండు ఎక్స్‌ట్రా వేయించాను, రెండు వైపులా. బండి తీసుకున్న వారమే. 60 బాక్సులు వేస్తానని షోరూంలో చెబితే వాళ్లే 'కమాన్లు వేయించుకో అన్నా, లాగేస్తుంది' అన్నారు.

ఆటోనగర్ మెకానిక్

అదే అనుకున్నాను. డీపీఎఫ్ సంగతి ముందు చెబుతా, ఓపిగ్గా చదువు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చింది. పొగలోని మసిని పట్టుకోవడానికి సైలెన్సర్ దారిలో ఒక జల్లెడ పెట్టారు, అదే డీపీఎఫ్. మసి పట్టిన జల్లెడను కాల్చి శుభ్రం చేసుకోవాలి. దాన్నే రీజెనరేషన్ అంటారు. ఆ మసి కాలాలంటే లోపల దాదాపు 550, 600 డిగ్రీల వేడి పుట్టాలి. హైవే మీద లోడుతో పోయే బండికి సైలెన్సర్ బాగా వేడెక్కుతుంది, కాల్చే పని సులువు. నీలా 12 కిలోమీటర్లు పోయి ఆగే బండికి ఆ వేడి నిలవదు. అప్పుడు కంప్యూటర్ కొంచెం డీజిల్ ఎక్కువ కొట్టి వేడి పుట్టించాలని చూస్తుంది. ఆ పని పూర్తయ్యేసరికి ఆగకుండా 15, 20 నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో నువ్వు పొలం దగ్గర తాళం తిప్పేస్తావు. మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆగడం. నాలుగైదుసార్లు అలా జరిగితే మసి గడ్డకట్టి లైటు వెలుగుతుంది, బండి తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటుంది. క్యూలో గంటన్నర ఐడిల్‌లో పెట్టడం దీనికి తోడు. ఐడిల్‌లో మసి పడుతుంది, వేడి పుట్టదు.

కాబట్టి వారానికి ఒకసారైనా, కుదిరితే రెండుసార్లు, కదిరి రోడ్డు ఎక్కి 60 స్పీడులో ఆగకుండా అరగంట నడుపు. క్యూలో ఐదు నిమిషాలకు పైగా కదలకపోతే ఇంజన్ ఆపెయ్. బ్యాటరీ బాగుంటే స్టార్టింగ్‌కు భయం అక్కర్లేదు.

ఇంకొకటి. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ మట్టం తగ్గడం అందరికీ తెలుసు. డీపీఎఫ్ బండికి ఒక్కోసారి పెరుగుతుంది. రీజెనరేషన్ మధ్యలో ఆగినప్పుడల్లా కాలని డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు పోతాయి. మట్టం పై గీత దాటితే వెంటనే ఆయిల్ మార్పించు. మార్చేటప్పుడు మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించు. పాతరకం ఆయిల్ కాలితే బూడిద ఎక్కువ మిగులుతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, జల్లెడలోనే ఉండిపోతుంది.

ఇదంతా బండి ఇచ్చిన రోజే పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం. నీకు చెప్పలేదు. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిది మందికి చెప్పలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. బ్రేకు సంగతి రేపు రాస్తాను, షెడ్డు మూసే టైమైంది.

బోయిన్‌పల్లి కూరగాయలు

మెకానిక్ అన్నా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మార్పు చేయించను.

అయితే ఒకటి అడగాలి. నా బండికి పొగ శుభ్రం చేసే యూరియా ట్యాంకు కూడా ఉంది. లైటు వచ్చినప్పుడల్లా యూరియా ద్రావణం బకెట్ కొనాలి. మా బామ్మర్ది ఖర్చెందుకని ఇంట్లో పొలానికి తెచ్చిన యూరియా నీళ్లలో కలిపి పోశాడు. నెలలోపే పంపు పోయింది. ఇది మామూలేనా?

ఆటోనగర్ మెకానిక్

అయ్యో. ట్యాంకులో పోసేది ఖనిజాలు తీసేసిన నీళ్లలో సరిగ్గా 32.5 శాతం శుద్ధమైన యూరియా కలిపిన ద్రావణం. పొలం యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, ఆ మలినాలు, బోరు నీళ్లలోని సున్నం కలిసి ఇంజెక్టర్ మూతిలో గట్టిపడతాయి. పంపు పోయింది, ఇంజెక్టర్ కూడా చూపించు. ఈ పని చేసేవాళ్లు పల్లెల్లో చాలామంది ఉన్నారు. చదివేవాళ్లు దయచేసి నలుగురికి చెప్పండి.

ఆకివీడు చేపల లోడు

మీ అందరివీ ఇంజన్ బాధలు, నాది తుప్పు బాధ. చెరువుల దగ్గర చేపలు, రొయ్యలు ఐసు వేసి ఎక్కిస్తాం. కరిగిన నీళ్లు డాలా (బాడీ పక్క పలక) సందులోంచి కారుతూనే ఉంటాయి. రెండో ఏడాదికే బాడీ ఫ్లోరు కింద, ఛాసిస్ (బండి కింది చట్రం) మీద కూర్చునే అడ్డ బద్దీల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచింది. డాలా కీలు ఒకటి ఊడి చేతికొచ్చింది. షోరూంలో తుప్పుకు వారంటీ వర్తించదన్నారు, చేపలు తోలుతున్నావు కదా అన్నారు. మరి మా ఊళ్లో పికప్ కొన్నవాడు ఇంకేం తోలుతాడు? అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి ఉంటే మొదటిరోజే కింద కోటింగ్ కొట్టించేవాణ్ని.

నా తప్పు కూడా ఒకటి ఉంది. రోజూ బండి కడిగేవాణ్ని, కానీ బోరు నీళ్లతో. మా వైపు బోరులో పడేది ఉప్పు నీళ్లే. ఉప్పును ఉప్పుతో కడిగినట్టయింది. ఇప్పుడు కాలవ నీళ్లు ట్యాంకులో పట్టుకుని కడుగుతున్నాను.

ఫ్లోరు మీద అల్యూమినియం షీటు వేయించాను. అది కూడా మొదటిసారి తప్పుగా వేశారు. ఇనుము మీద నేరుగా అల్యూమినియం కూర్చోబెడితే ఉప్పు నీళ్లు చేరి అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది. రెండోసారి మధ్యలో రబ్బరు షీటు పరిచి, మూలల్లో నీళ్లు కిందికి పోవడానికి బెజ్జాలు వేసి, ఆ బెజ్జాలకు పైపు ముక్కలు పెట్టించాను, నీళ్లు ఛాసిస్ మీద పడకుండా దూరంగా పోయేలా. ఏడాదిన్నరగా కొత్త తుప్పు లేదు.

పూల బండి అక్క

బండి నాది, నడిపేది మా ఆయన. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు. లెక్కలు నేను రాస్తాను కాబట్టి లెక్కే చెబుతా. పోయిన ఏడాది ఒక సెన్సార్ కోసం బండి సర్వీస్ సెంటర్‌లో 11 రోజులు నిలబడింది. పార్టు స్టాక్ లేదు, రేపొస్తుంది, ఎల్లుండి వస్తుంది. ఆ 11 రోజులూ పూలు ఆగవు కదా, కిరాయి బండి పెట్టుకున్నాం. పార్టు ధర కన్నా కిరాయికి ఐదింతలు ఎక్కువైంది. కిస్తీ మాత్రం 5వ తేదీకే కట్ అయింది. కొనేటప్పుడు మైలేజీ గురించి వంద ప్రశ్నలు అడిగాం, పార్టులు ఎన్ని రోజుల్లో దొరుకుతాయని ఒక్కటీ అడగలేదు. కొత్తగా తీసుకునేవాళ్లు అదే ముందు అడగండి.

రెండోది క్యాబిన్ వేడి. ఇంజన్ సీటు కిందే ఉన్నట్టుంటుంది. మే నెలలో మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా ఆయన చొక్కా పిండితే నీళ్లు కారతాయి. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే లారీలకు డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. కానీ అది 3.5 టన్నులకు పైబడిన వాటికే. మన పికప్‌లు ఆ లోపు కదా, మనకు లేదు. మే నెల ఎండ డ్రైవర్లందరికీ ఒకటే కాదా?

పాడేరు ఘాట్

అక్కా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

నేను పాడేరు నుంచి కిందికి పసుపు, అల్లం దించుతాను. మదనపల్లె అన్నా, నీ బ్రేకు మాట చదివి భయమేసింది. ఘాట్‌లో అలా ఉంటే ప్రాణాలకే ముప్పు. నాకు ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే నేను ఎక్కిన గేర్‌లోనే దిగుతాను, రెండో గేర్ అంటే రెండో గేరే. మా వైపు కొందరు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో, ఇంకా ఘోరంగా ఇంజన్ ఆపేసి దింపుతారు. ఇంజన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌కు గాలి లాగే పంపు ఆగుతుంది. రెండు మూడు తొక్కుళ్లకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఒక మలుపులో నా ముందు బండి అలాగే రాతిగోడకు గుద్దుకోవడం కళ్లారా చూశాను. దేవుడి దయవల్ల మనిషి బతికాడు.

మిషిగన్ నుంచి

నాది అమెరికాలో ఇంటి పనులకు వాడే పెద్ద పికప్, మీ కష్టంతో పోల్చలేను. కానీ ఖాళీగా ఉంటే ఎగరడం ఇక్కడా మామూలే. చలికాలంలో మంచు మీద వెనక చక్రాలు జారకుండా చాలామంది యాక్సిల్ పైన ఇసుక బస్తాలు వేసుకుంటారు. అది మీకు ఉపయోగపడుతుందా?

ఆటోనగర్ మెకానిక్

మిషిగన్ తమ్ముడూ, మంచి మనసుతో చెప్పావు. ఇక్కడ మన బండికి ఖాళీ కన్నా నిండా ఉన్న రోజులే ఎక్కువ, ఇసుక మోస్తే ఆ మేర కిరాయి పోతుంది. కట్టకుండా వేస్తే సడన్ బ్రేకుకు బస్తా ముందుకొచ్చి క్యాబిన్‌కు కొట్టుకుంటుంది కూడా.

ఇక మదనపల్లె తమ్ముడి బ్రేకు. చాలా పికప్‌లకు వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ, దానికి ఒక వాల్వు ఉంటాయి. లోడ్ సెన్సింగ్ వాల్వు అంటాం. లోడు పడితే కమాన్లు కుంగుతాయి, ఛాసిస్ యాక్సిల్‌కు దగ్గరవుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ పంపుతుంది. ఖాళీగా ఉంటే వెనక చక్రాలు లాక్ అయ్యి బండి గిర్రున తిరగకుండా ప్రెషర్ తగ్గిస్తుంది. నువ్వు ఎక్స్‌ట్రా పట్టీలు వేయించాక ఏమైంది? ఎంత లోడు వేసినా ఛాసిస్ కుంగాల్సినంత కుంగదు. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకుకు తక్కువే పంపుతుంది. బరువంతా ముందు బ్రేకుల మీద పడింది. ముక్కు దిగడం, ప్యాడ్లు 9 వేలకే పోవడం అందుకే. ఖాళీగా ఎగిరేది కూడా ఆ గట్టి పట్టీల వల్లే. నీ రెండు బాధలకూ మూలం అక్కడే ఉంది.

కడ్డీని వంచి సరిచేస్తామనే మెకానిక్‌లు ఉంటారు, ఒప్పుకోవద్దు. పట్టీలు తీసేసి, పట్టీలను యాక్సిల్‌కు పట్టే యు బోల్టులు టార్క్ రెంచితో (కొలత ప్రకారం బిగించే రెంచి) బిగించి, వాల్వు కంపెనీ కొలతకు సెట్ చేయించు. యు బోల్టు లూజుగా ఉంటే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరుగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి. ఖాళీగా వచ్చేటప్పుడు వెనక టైర్లలో గాలి ఎంతుండాలో డోరు పక్కన స్టిక్కరు మీద వేరే అంకె ఉందేమో కూడా చూడు.

కానీ పట్టీలు తీసే ముందు ఒక్క పని చెయ్. నిండు లోడుతో కాటా మీద ఎక్కించి తూకం చీటీ ఇక్కడ పెట్టు.

కొత్తగా తీసుకుంటున్నా

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నా దగ్గర కారు లైసెన్సే ఉంది. పికప్‌కు బ్యాడ్జి (రవాణా బండి నడిపే అనుమతి) కావాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు అంటున్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే ఏం చెప్పాలి?

పూల బండి అక్క

తమ్ముడూ, మా ఆయనకూ ఇదే అనుమానం ఉండేది. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబర్ 6న రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. ఆ తీర్పు ప్రింటు బండిలో పెట్టుకున్నాం.

మదనపల్లె టమాటా బండి

మెకానిక్ అన్నా, నిన్న రాత్రి కాటా వేయించాను. చూసి ఒక్క నిమిషం మాట రాలేదు.

ఆర్సీలో ఖాళీ బరువు 1,730 కిలోలు, లోడుతో కలిపి ఉండాల్సింది 2,990. చీటీలో వచ్చింది 3,810. అంటే 820 కిలోలు ఎక్కువ. మహా అయితే రెండు మూడు వందల కిలోలు ఎక్కువ ఉంటాయేమో అనుకునేవాణ్ని. ఇంటికొచ్చి పూల బండి అక్క లాగా లెక్క రాశాను. బాక్సుతో కలిపి 30 కిలోలు, 60 బాక్సులు 1,800. నేను చేయించిన ఇనుప జాలీ బాడీ 140. నేను, కూలీ అబ్బాయి కలిపి 140. జాలీ, మనుషులు పోగా ఈ బండి నిజంగా మోయాల్సింది 980 కిలోలు, 32 బాక్సులు. ఇన్నాళ్లూ దాదాపు రెట్టింపు మోయించాను. క్లచ్ పోక ఏమవుతుంది.

షోరూంలో నేను 60 బాక్సులని చెప్పినప్పుడు 'ఈ మోడల్ నీకు సరిపోదు, ఇంకో లక్షన్నర పెట్టి పెద్దది తీసుకో' అని ఒక్క మాట చెప్పి ఉంటే అప్పు ఇంకాస్త చేసైనా అదే తీసుకునేవాణ్ని.

పాడేరు ఘాట్

అన్నా, జరిమానా కూడా గుర్తుంచుకో. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు 20 వేలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు. లోడు బాడీ పక్కలకు బయటికి వచ్చినా విడిగా 20 వేలు.

బోయిన్‌పల్లి కూరగాయలు

అంతా నిజమే గానీ 32 బాక్సులకు కిరాయి ఎట్లా కిట్టుబాటు అవుతుంది? పక్కోడు 60 వేస్తుంటే రైతు వాని బండే పిలుస్తాడు. రేటు మనం ఒక్కరం పెంచలేం. నా దగ్గర కూడా కాటా వేస్తే ఇదే వస్తుందని తెలుసు, అందుకే ఇన్ని రోజులు వేయలేదు.

ఆటోనగర్ మెకానిక్

నీ మాట కాదనలేను తమ్ముడూ. నేను బండి సంగతే చెప్పగలను. ఆ 820 కిలోలకు మదనపల్లె తమ్ముడు క్లచ్, ప్యాడ్లు, టైర్లు, హబ్ బేరింగుల రూపంలో కిరాయి కడుతున్నాడు. ఏడాది బిల్లులన్నీ ఒకచోట పెట్టి కూడి చూడండి, ఆ తర్వాత నిర్ణయం మీదే.

మదనపల్లె టమాటా బండి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

జాలీ బాడీ తీసేశాను, కంపెనీ డాలాలతోనే తాడు కట్టి తోలుతున్నాను. పట్టీలు తీయించి వాల్వు సెట్ చేయించాను. ఇప్పుడు 37 బాక్సులు. కాటాలో 2,980 వచ్చింది. మా పొలాలు 12 కిలోమీటర్లే కాబట్టి ఒకే రైతుకు రెండు ట్రిప్పులు వేస్తున్నాను. 60 బదులు 74 బాక్సులు పోతున్నాయి. డీజిల్ రెండు లీటర్లు, టైము గంటన్నర ఎక్కువ. చేతికి మిగిలేది ముందుకన్నా ఎక్కువ కాదు, కానీ తక్కువ కూడా కాదు. దూరం పొలాలకు ఇది కుదరదు, అలాంటివి మూడు వదులుకున్నాను. ఒక రైతు నొచ్చుకున్నాడు.

బ్రేకు తొక్కితే బండి మొత్తంగా కూర్చుంటోంది, ముక్కు దిగడం లేదు. ఖాళీగా ఎగరడం బాగా తగ్గింది. ఆదివారం పొద్దున్నే కదిరి రోడ్డు మీద అరగంట నడుపుతున్నాను, క్యూలో ఇంజన్ ఆపేస్తున్నాను. 19 రోజులుగా లైటు రాలేదు. డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ నిజంగానే పై గీత మీదుంది, మార్పించాను. వేడి, సీటు, పార్టులు దొరక్కపోవడం అలాగే ఉన్నాయి, వాటికి నా చేతిలో ఏమీ లేదు.

ఆకివీడు అన్నా, టమాటా రసం కారి నా ఫ్లోరు కూడా మూలల్లో ఎర్రబడుతోంది. నువ్వు వేయించిన రబ్బరు షీటు ఎంత మందం?

ఆకివీడు చేపల లోడు

మూడు ఎంఎం వేయించాను. పరిచే ముందు పాత తుప్పు వైరు బ్రష్‌తో గీకి, రెండు కోట్లు ప్రైమర్ కొట్టించి, పూర్తిగా ఆరనివ్వు. తడి మీద పరిస్తే లోపలే తినేస్తుంది. మూలల్లో బెజ్జాలు మర్చిపోకు.